పగులు చూసినవాడు

ఆగస్టు 4, ఆదివారం. బచేలి.

వాన ఆగడం లేదు. కొండ మీది ఇనుప గనుల్లోంచి దిగే నీళ్ళు పారాణి కలిపినట్టు ఎర్రగా కాలనీ కాలవల్లోకి వస్తున్నాయి. ఉతికిన పంచె కూడా ఎర్రబారింది.

జనవరిలో కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ ఇన్నాళ్ళూ బీరువాలో పడి ఉంది. ఇవాళ తీశాను. నెత్తి మీద కొత్త పని పడింది, దాని గురించి ఎక్కడో ఒకచోట గొణుక్కోవాలి. ప్రతి కాలనీ నుంచీ మాట్లాడగలిగినవాణ్ణి ఒకణ్ణి పంపమని మా జిల్లా కేంద్రం దంతెవాడ నుంచి కబురొచ్చిందట. పిల్లల మీద జరిగే హింసనీ, నిర్లక్ష్యాన్నీ పెద్దవాళ్ళు ఎలా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి, అది వాళ్ళు మాకు నేర్పుతారు, మేం ఊరికి నేర్పాలి. నా పేరు రాసేశారు. గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు భద్రత గురించి పాఠం చెప్పేవాడు కాబట్టి పిల్లల గురించీ చెప్పేస్తాడని ఎవరికి తోచిందో. నోరున్నవాడికే అన్ని పనులూ తగులుతాయి.

సాయంత్రం మా ఆవిడ ఉమా నేనూ బంగారురాజు ఇంటికి వెళ్ళాం. వాడూ నేనూ ఒకేసారి బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఈ కొండెక్కినవాళ్ళం. ఇప్పుడు వాడు ఇక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి. వాడి భార్య ప్రమీలారాణి పునుగులు వేయించింది. వాళ్ళ వికాస్ రాయపూర్‌లో చదువుకుంటున్నాడు కాబట్టి ఇల్లు బోసిపోయిందని, ప్రమీల వాళ్ళ అక్క కూతురు పైడమ్మని తెచ్చి పెట్టుకున్నారు. తల్లి పోయింది, తండ్రి ఎక్కడున్నాడో తెలీదు. పదేళ్ళుంటాయేమో. అందరూ పైడీ అంటారు. చదివిస్తామని తెచ్చారు. ఈ రోజుల్లో సొంత పిల్లల్నే చూసుకోలేకపోతున్నారు, వాళ్ళది పెద్ద మనసు.

నేను గడపలో అడుగు పెట్టగానే ఆ పిల్ల చేతిలో పని వదిలేసి లేచి నిలబడింది. మేం ఉన్నంతసేపూ కూర్చోలేదు. మా అమ్మాయి పిల్లలు ఫోనులోంచి తలెత్తరు. ఎంత క్రమశిక్షణ అని ప్రమీలని మెచ్చుకున్నాను.

దారిలో ఉమ ఏమీ మాట్లాడలేదు. మోకాళ్ళ నొప్పి కాబోలు.


ఆగస్టు 12. దంతెవాడ నుంచి వచ్చాక.

జీపులో ఇరుక్కుని వెళ్ళాను. గుడి ముందు దిగి దంతేశ్వరమ్మకి ఒక దణ్ణం పెట్టి ఆఫీసుకి నడిచాను.

పాఠం చెప్పినావిడ పేరు బుధ్రి, జిల్లా బాలల రక్షణ ఆఫీసులో అధికారి. ముప్పై దాటి ఉండవు. భేజ్జి దగ్గరి దోర్ల గిరిజనుల అమ్మాయి. ఆఫీసు హిందీలో మొదలుపెట్టి, అంగన్‌వాడీ వాళ్ళతో హల్బీలో, వెనక కూర్చున్న ముసలాయనతో గోండీలో మాట్లాడి, చివరికి నా దగ్గరకొచ్చి భద్రాచలం వైపు తెలుగులో "మీకేంది సార్ సందేహం, మొహం అట్ల పెట్టిండ్రు" అంది. నిజంగానే పెట్టాను.

దెబ్బలు, వాతలు, మాసిన బట్టలు, బడికి రాకపోవడం, ఇవన్నీ గుర్తులని చెబితే ఒప్పుకున్నాను. కానీ అతిగా మాట వినడం కూడా గుర్తేనంటే ఊరుకోలేకపోయాను. పెద్దల్ని గౌరవించే పిల్లల్ని కూడా అనుమానిస్తే ఇక పెంపకం ఎందుకమ్మా అన్నాను. ఆవిడకి కోపం రాలేదు.

"పిల్ల భయపడితే రెండు తీర్లుంటది సార్. కొందరు ఏడుస్తరు. కొందరు బుద్ధిమంతులైతరు."

ఆవిడే మాట మార్చి, కొండ కూలబోతోందని మీ గనిలో ఎలా తెలుస్తుందని అడిగింది. అది నా ఇలాకా. గనిని మెట్లు మెట్లుగా తవ్వుతాం, ఆ మెట్టుని బెంచి అంటాం, వానాకాలంలో బెంచి అంచున వెంట్రుకంత పగులు కనబడుతుంది, అది చూసినవాడు ఎవడైనా సరే, స్వీపరైనా సరే, ఆగినచోటే ఆగి కంట్రోల్ రూముకి చెప్పాలి అన్నాను. పగులు ఎంత లోతు, ఎవరి తప్పు, నిజంగా కూలుతుందా, అవి వాడి పని కాదు. కొలవడానికి సర్వేవాళ్ళున్నారు. చెప్పినదాంట్లో ఏమీ లేదని తేలినా వాణ్ణెవడూ ఏమీ అనడు.

ఆవిడ నన్ను లేపి అందరి ముందూ మళ్ళీ చెప్పించింది. "గంతే. చూసినోడు చెప్పాలె, తేల్చేటోడు వేరే," అని హిందీలోకీ గోండీలోకీ మార్చి చెప్పింది. ఈ ముక్క కోసమే పొద్దున్నించి వెతుకుతున్నట్టు ఆ ముసలాయన తలూపాడు. ఇన్నేళ్ళు డంపర్ డ్రైవర్ల ముందు ఆవలింతల మధ్య చెప్పిన మాటకి ఇంత విలువుందని నాకే తెలీదు. తిరుగు జీపులో నడుం నొప్పి కూడా తెలియలేదు.


ఆగస్టు 13

ఇంత ఉక్కలో పైడికి పొడుగు చేతుల చొక్కా ఎందుకు? దోమలు కాబోలు.


ఆగస్టు 18, ఆదివారం

తెలుగు సంఘం హాల్లో నా మొదటి పాఠం. బంగారురాజు దీపం వెలిగించాడు, బుధ్రి మేడమ్‌కి శాలువా కప్పాడు, పిల్లలు దేవుడి రూపాలని మాట్లాడాడు. బాగా మాట్లాడతాడు. ప్రమీల ప్రార్థన పాడింది.

నేను నోట్సు ప్రకారం ఒక గుర్తు తర్వాత ఒక గుర్తు చెప్పుకుంటూ పోయాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అని అందరి చేతా రెండుసార్లు పలికించాను. ఎవరూ కదల్లేదు. ఒక్క ప్రశ్న రాలేదు. చివర్లో చప్పట్లు. బ్రహ్మాండంగా జరిగింది.

బస్సెక్కే ముందు మేడమ్, ఒక్క ప్రశ్న కూడా రాలేదంటే ఎవరికీ తగల్లేదని అర్థం సార్ అంది. ఆవిడకి మెచ్చుకోవడం రాదు.

మర్చిపోయాను. కాఫీల దగ్గర పైడి ట్రే పట్టుకుని తిరిగింది. మిగతా పిల్లలు కుర్చీల కింద దూరి ఆడుకుంటున్నారు.


ఆగస్టు 25

బంగారురాజు ఇంటికి బత్తాయిలు తీసుకెళ్ళాను. పైడి లేచి నిలబడింది. ఏ క్లాసు చదువుతున్నావమ్మా అని అడిగాను. నా వైపు కాక ప్రమీల వైపు చూసింది. వచ్చే ఏడాది చేరుస్తాం అన్నయ్యా, హిందీ రాదు కదా, ఇక్కడి బడిలో ఇబ్బంది పడుతుంది అని ప్రమీలే చెప్పింది. అదీ నిజమే.

బత్తాయి తీసుకోమంటే చెయ్యి చాపింది. చొక్కా చేయి పైకి జరిగింది. మోచేతి పైన కాలిన మచ్చ, ఇంకా పచ్చిగా ఉంది. అట్లకాడ తగిలింది అంది ప్రమీల, నేను అడగకముందే.


ఆగస్టు 26

అట్లకాడ తగిలితే వేళ్ళకి తగలాలి.

ఏమో. పిల్లలు. ఎక్కడ పడితే అక్కడ తగిలించుకుంటారు.


ఆగస్టు 27

నాకు మింగలేక కక్కలేక ఉంది. ఉమతో చెబుదామనుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, చెప్పండి అన్నట్టు చీర కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. టీ పెట్టమన్నాను.


ఆగస్టు 29

ఒక పని చేశాను. మంచి పనే.

ముక్కూ మొహం తెలీని ఆఫీసువాళ్ళ చేతిలో బంగారురాజుని పడేసేకంటే, మనవాడు కదా, చెవిలో ఒక మాట వేస్తే చాలదా అనుకున్నాను. ఈ ఊళ్ళో చుట్టూ హిందీ. తెలుగువాళ్ళం గుప్పెడు. పెళ్ళయినా, చావైనా, మొగుడూ పెళ్ళాల తగువైనా సంఘంలోనే కూర్చుని తేల్చుకుంటాం తప్ప ఇన్నేళ్ళలో ఒక్కరం ఠాణా మెట్లెక్కలేదు. అది మాకు గర్వం.

క్యాంటీన్ వెనక బంగారురాజుని పక్కకి పిలిచి, ఇలా ట్రైనింగులో ఇవన్నీ గుర్తులంటున్నారు, నీ ఇంట్లో పిల్ల చేతి మీద మచ్చ ఉంది, బడికి వెళ్ళడం లేదు, రేపు ఎవరైనా ఫోను చేస్తే బాగుండదు, చూసుకో అన్నాను. వాడు నవ్వి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఏటి రాజేశ్వర్రావూ, మన పిల్లని మనం దిద్దుకోడం కూడా నేరమేనేటి? ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. నువ్వు నాకు సెప్పినావు, మంచిపని సేసినావు. ఇక్కడితో వొగ్గీ."

వొగ్గేశాను. గుండెల మీంచి బండ దిగినట్టుంది. రాత్రి పెరుగన్నం కూడా రుచిగా ఉంది.


సెప్టెంబరు 2

పైడి కనబడలేదు. వాళ్ళ క్వార్టరు తలుపులు వేసి ఉన్నాయి. బంగారురాజుని అడిగితే "ఊరెలిపోనాది" అన్నాడు. కిరండూల్ నుంచి విశాఖ వెళ్ళే రైలెక్కించి, వాళ్ళ మామ్మ దగ్గరికి పంపేశారట. మంచిదే. మామ్మ దగ్గర బాగుంటుంది.

చూశావా, ఒక్క మాటతో సర్దుకుంది.


సెప్టెంబరు 3

మా పెరట్లోంచి చూస్తే వాళ్ళ పెరడు ఓరగా కనబడుతుంది. ఉమ బట్టలు ఆరేస్తూ నన్ను పిలిచింది. వాళ్ళ తీగ మీద పైడి నీలం గౌను ఉంది.

"ఊరెల్లిన పిల్ల గౌను ఇయ్యాల తడిగా ఎలాగున్నాదండీ?"

నీళ్ళు కారుతున్న గౌనుని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.


సెప్టెంబరు 4

తీసుకెళ్ళడం మర్చిపోయి ఉంటారు. వానకి తడిసి ఉంటుంది.

నిన్న వాన లేదు.


సెప్టెంబరు 7. వినాయక చవితి.

పందిరి దగ్గర బంగారురాజు పూజలో కూర్చున్నాడు. ప్రసాదం వాడి చేత్తోనే నా చేతిలో పెట్టాడు. తినకుండా జేబురుమాల్లో కట్టుకున్నాను.


సెప్టెంబరు 14

ఇవాళ గనిలో జరిగింది రాయాలి.

వాన వెలిశాక బెంచి మీద కొత్త పగులు కనబడింది. మట్టి తవ్వే షావెల్ నడిపే కుర్రాడొకడు దాన్ని చూసి, ఫోను చేయకుండా, లోతెంతో చూద్దామని దాని దగ్గరికి నడుస్తున్నాడు. నేను గొంతు చించుకుని అరిచాను. చూసినచోటే ఆగు, దగ్గరికెళ్ళి తొక్కి చూడకు, నిలబడి ఉన్న మట్టి నీ బరువుకే జారుతుంది అని. ఇన్నేళ్ళలో ఎన్ని వందల మందికి చెప్పిన మాటో. వాడు ఆగిపోయాడు. అరిచిన నేనూ ఆగిపోయాను.

నేను వెళ్ళి తొక్కాను కదా. క్యాంటీన్ వెనక, భుజం మీద చెయ్యి వేయించుకుని. బరువు నాదే. జారింది మాత్రం ఆ తలుపుల వెనక ఉన్న పిల్ల మీద.

ఇంటికొచ్చి 1098 నొక్కాను. అవతల పలికేలోగా పెట్టేశాను. బంగారురాజు మొహం కళ్ళముందు ఉంది. మా నాన్న పోయినప్పుడు నాతో రైలెక్కి వచ్చి పాడె మోసినవాడు. రేపు రెండో పాఠం. ఏం చెప్పను? ఎదుటివాళ్ళకి చెప్పడానికే మనకి నీతులు.


సెప్టెంబరు 15, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

హాల్లో కిందటిసారి కంటే తక్కువమంది. బంగారురాజు, ప్రమీల రాలేదు. వాళ్ళ కుర్చీలు ముందు వరసలో ఖాళీగా ఉన్నాయి. కూరలమ్మే మంగి వచ్చింది. గోండు మనిషి, తెలుగు ముక్క రాదు, మేడమ్ పిలిచిందట. బుధ్రి మేడమ్ మూలన ఆవిడ పక్కనే కూర్చుని, చెప్పేదంతా గోండీలో చెబుతోంది.

నోట్సు తెరవబుద్ధి కాలేదు. మూసేసి, నిన్న పగులు దగ్గరికి నడిచిన కుర్రాడి సంగతి చెప్పాను. తర్వాత ఏం ఆలోచించకుండానే, పేర్లొద్దు, ఇళ్ళొద్దు, ఈ మధ్య మీ కంటపడిన పగులు ఒక్కటి చెప్పండి, చిన్నదైనా సరే అన్నాను.

ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పోయిందనుకున్నాను.

ముందు లేచింది ఆటో చినబాబు. వాడు ఎప్పుడూ నిలబడి మాట్లాడడు, ఆటోలో వంగి వంగి వాడికి కూర్చునే అలవాటు.

"ఒక పిల్ల నీళ్ళ క్యాను మోసుకొని ఎల్తంటాది సార్. వాన పడతంటే ఎక్కమన్నాను. నా వైపు సూడనేదు. ముందల గేటు వైపు సూసినాది. ఎక్కనేదు."

అది పగులు అవునో కాదో తెలీదని గొణిగి కూర్చున్నాడు. తర్వాత హెప్సిబా లేచింది, బస్టాండు దగ్గర మందుల షాపు ఆవిడ. కాలిన గాయాల మందుకి ఒక పాప ఒంటరిగా వచ్చిందని, ఎవరికి కాలిందమ్మా అంటే ఎవరికీ కాదు అందని, కానీ చెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడిందని చెప్పింది. మళ్ళీ వస్తే అడుగుదామనుకుని ఊరుకున్నానండీ అంది. మంగి తన భాషలో చెప్పింది, మేడమ్ తెలుగు చేసింది. సంత ముగిశాక చితికిన టమాటాలు పారబోస్తే, ఒక పిల్ల వచ్చి కొట్టు వెనక కూర్చుని అవి తినేదట. మా అడివి పిల్లేమో అనుకుని పలకరిస్తే తెలుగులో భయపడిందట. మేడమ్ సరిగ్గా ఆ మాటే అంది, తెలుగులో భయపడింది అని.

నేను మైకు పట్టుకుని నిలబడే ఉన్నాను.

రైల్వే జాన్‌బాబు కూర్చున్నచోటి నుంచే మాట్లాడాడు. గొంతు ముందు వరసదాకా రాలేదు, మళ్ళీ చెప్పమన్నాను. "పక్కింట్లోంచి సప్పుడొచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీవీ సౌండు పెంచీసేవోణ్ణి," అన్నాడు. వాళ్ళావిడ తల దించుకుంది. జాన్‌బాబు క్వార్టరు ఎవరి పక్కనో హాల్లో అందరికీ తెలుసు.

అప్పుడు అర్థమైంది. నాకొక్కడికే కాదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఇంతమందీ చూసింది ఒక్క పిల్లనే. ఎవరికి వాళ్ళు తాము చూసింది వెంట్రుకంతే కదా అని ఇంటికెళ్ళి అన్నం తిన్నారు. ఆ వెంట్రుకలన్నీ ఇప్పుడు హాల్లో ఒకదాని పక్కన ఒకటి చేరాయి. కొండ మొత్తం కనబడింది. నేను ముప్పై ఏళ్ళుగా పగుళ్ళు చూస్తున్నవాణ్ణి, అంత పెద్దది ఎప్పుడూ చూడలేదు.

ఉమ లేచింది.

ఈ సంఘంలో ఉమ ఎప్పుడూ నోరు విప్పలేదు. కార్యవర్గం ఎన్నికలకి కూడా నా చెయ్యి చూసి చెయ్యెత్తేది. నా వైపు చూడకుండా మేడమ్ వైపు తిరిగి చెప్పింది.

"పెద్దోళ్ళు గుమ్మంలోకి రాగానే ఆ పిల్ల లేచి నిలబడీది. నేను ఎన్నోసార్లు ఎల్లినాను, కూసోడం ఒక్కసారి సూడనేదు. మా ఆయన అది మర్యాద అనీవోరు. నాకు తెలుసు అది మర్యాద కాదని. చిన్నప్పుడు నేనూ అలాగే నిలబడీదాన్ని."

కలిసి బతికినన్నేళ్ళలో ఆ చివరి మాట నాకు చెప్పలేదు. నేను అడగలేదు. ఇంత మనిషి నా పక్కనే ఉంటే, ఎవరో తెలియకుండా టీ పెట్టమంటూ గడిపేశాను. మైకు కింద పెట్టేసి, బంగారురాజుని హెచ్చరించింది నేనేనని, తడి గౌను సంగతి, అంతా మేడమ్‌తో అందరి ముందూ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ఇప్పుడు చెప్పిండ్రు కదా. ఇగ ఆలస్యం చేయొద్దు. చూసినోళ్ళు ఎవరికి వాళ్ళే ఫోన్ చేయాలె. ఒకరు చేసిండ్రు కదా అని ఇంకొకరు ఊకోవద్దు."

వాళ్ళు లేచారు. ఒక్కొక్కరే వరండాలోకి వెళ్ళి, వాన జల్లు పడని చోటు చూసుకుని, గోడ వైపు తిరిగి ఫోను చెవిన పెట్టుకున్నారు. చినబాబు హిందీలో, హెప్సిబా తెలుగులో, మంగి మేడమ్ ఫోనులో గోండీలో. జాన్‌బాబు ఏడుస్తూ చెప్పాడు. ఠాణా మెట్లెక్కలేదని గర్వపడే మనుషులు. రేపు బంగారురాజు ఎదురుపడితే ఏమవుతుందో తెలిసిన మనుషులు. ఇలాంటిది చూస్తానని అనుకోలేదు. చేతులు జోడించాలనిపించింది, కానీ నా చేతిలోనూ ఫోను ఉంది. ఈసారి అవతల పలికారు. ఆ పిల్ల పేరు చెప్పాను.


సెప్టెంబరు 16

నిన్న సాయంత్రమే జీపు వచ్చింది. బుధ్రి మేడమ్, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కానిస్టేబులు. మా పెరట్లోంచి చూశాం. వెళ్ళకూడదని మేడమ్ ముందే చెప్పింది.

బంగారురాజు గొంతు వినబడింది, తర్వాత తగ్గింది. వెనక స్టోరు గది గొళ్ళెం తీసిన చప్పుడైంది. పైడి వరండాలోకి వచ్చింది. అంత పల్చబడుతుందని అనుకోలేదు. చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి ఉంటే తనూ నిటారుగా నిలబడింది. మేడమ్ ఏమీ అనకుండా ఆ తడి మెట్టు మీద చీరతోనే కూర్చుని, తలెత్తి దాని మొహంలోకి చూస్తూ మాట్లాడింది. ఒక అధికారి బచేలి బురదలో అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

జీపు దగ్గరికి వచ్చాక పైడి ఆగి వెనక్కి తిరిగింది. మాకు వినబడేంత గట్టిగా, మొట్టమొదటిసారి అది మాట్లాడడం విన్నాను.

"పొయ్యి మీద పాలున్నాయి. పొంగిపోతాయి. పిన్ని కొడతాది."

పాలు నేను చూస్తాలే అంది మేడమ్. నిజంగానే లోపలికెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది. ఆ తర్వాతే పిల్ల జీపెక్కింది.

ఉమా నేనూ రాత్రి వండుకోలేదు.


సెప్టెంబరు 19

బంగారురాజు షిఫ్టు బస్సులో నా పక్క సీట్లో కూర్చునేవాడు. ఇవాళ దిగేటప్పుడు ఒక్క మాట అన్నాడు.

"పరాయి సీమలో మనోణ్ణి పరాయోళ్ళకి పట్టిచ్చినావు."

నా దగ్గర జవాబు ఉంది. పిల్ల కూడా మనదే కదరా అని. బస్సు వెళ్ళిపోయాక తట్టింది.


సెప్టెంబరు 22

సంఘం నుంచి నన్ను తీసేశారు. హెప్సిబా కొట్టుకి కొందరు వెళ్ళడం మానేశారు. చినబాబు ఆటో ఎక్కకూడదని ఎవరో అన్నారట, కానీ ఊళ్ళో ఉన్న ఆటోలే తక్కువ, వానొస్తే అందరూ ఎక్కుతున్నారు.

సాయంత్రం షావెల్ కుర్రాడు ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, తన మరదలు పని చేసే ఇంట్లో ఒక బాబున్నాడనీ, ఏదో చూసిందనీ, అది పగులేనా కాదా చెప్పమనీ అడిగాడు. నాకు కొలవడం రాదు నాయనా, నంబరిస్తాను అన్నాను. వాడు వెళ్ళాక చాలాసేపు వాకిట్లోనే కూర్చున్నాను. కిందటి నెల ఆ హాల్లో అన్ని చప్పట్లు కొట్టారు, ఒక్కడు రాలేదు.


సెప్టెంబరు 25

పైడి ఎక్కడుందని మేడమ్‌ని అడిగాను. చెప్పకూడదు సార్ అంది. బాగుందా అంటే అదీ చెప్పలేదు. మనకి తెలియనక్కర్లేదట. చూసినవాడు చెప్పాలి, అంతే. నేను చెప్పిన సూత్రం నన్నే కట్టేసింది. కోపం వచ్చింది. తర్వాత తగ్గింది.


అక్టోబరు 4. దంతెవాడ.

పిల్లల కేసులు తేల్చే బాలల సమితి ముందు బయాన్, అదే వాంగ్మూలం, ఇవ్వడానికి పిలిచారు. ఉమ రానంది. ఏం చెప్పాలో జీపులో దారి పొడుగునా గొణుక్కున్నాను. బంగారురాజుకి నేను ముందే చెప్పిన సంగతి కూడా చెప్పాలనుకున్నాను, చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు. ఎవరూ నన్ను మంచివాడనీ అనలేదు, చెడ్డవాడనీ అనలేదు.

బయటికొస్తుంటే వరండా చివరి గది తలుపు తెరిచి ఉంది. లోపల కుర్చీలో ఒక పిల్ల కూర్చుని అటుకుల పోహా తింటోంది. జుట్టుకి ఎర్ర రిబ్బను. కాళ్ళు నేలకి అందక ఊపుతోంది. గుర్తుపట్టడానికి నాకు సమయం పట్టింది. నేనెప్పుడూ ఆ పిల్లని ఆ ఎత్తులో చూడలేదు.

నేను గుమ్మంలో ఉన్నాను. తలెత్తి చూసింది. నన్ను గుర్తుపట్టింది, ఆ సంగతి కళ్ళలో తెలిసింది. చెంచా ఆగింది. ఒళ్ళు బిగిసింది. ఇప్పుడు లేస్తుంది అనుకున్నాను. లేవకమ్మా, లేవకు అని లోపల మొక్కుకుంటున్నాను, దంతేశ్వరమ్మకి కూడా నేను అలా ఎప్పుడూ మొక్కలేదు.

లేవలేదు. నన్ను అలాగే చూస్తూ ఇంకో చెంచా పోహా నోట్లో పెట్టుకుంది. కాళ్ళు మళ్ళీ ఊపడం మొదలుపెట్టింది.

చెప్పుల చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి ఉమ గేటు దగ్గరే ఉంది. ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో చెప్పకూడదు. అది మాత్రం చెప్పొచ్చనుకుంటాను. "కూసుంది," అన్నాను. ఉమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే, గేటు మెట్టు మీద, కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను.